చోటు దొరకని స్టిక్కరు

ఆ ఉదయం ఎర్రచుక్క వేసుకున్న పథకం చిన్నదే. ఎనిమిదిన్నరకు కారు తీసుకుని గ్యారేజీకి వెళ్ళాలి. తొమ్మిదిన్నరకు అక్కడి నుంచి బయలుదేరాలి. పదకొండు గంటలకల్లా ఊరికి అవతలి చివర ఉన్న బావగారింటికి చేరి, మూడు వారాల కిందట వెళ్ళిపోయిన భార్యను వెనక్కి తెచ్చుకోవాలి. అలిగి వెళ్ళిందని పక్కింటివాళ్ళకు చెప్పుకున్నాడు గానీ అది నిజం కాదు. అలిగినవాళ్ళు తలుపు ధడాలున వేస్తారు. ఆవిడ చప్పుడు కాకుండా వేసి వెళ్ళింది. అతనికి భయం వేసింది అందుకే.

ఎర్రచుక్క అన్నది కన్నవాళ్ళు పెట్టిన పేరు కాదు. కుర్చీలు తయారుచేసే ఫ్యాక్టరీలో అతను తనిఖీ ఇన్‌స్పెక్టరు. రోజుకు రెండు వందల కుర్చీల్లో కూర్చుంటాడు. ముందుకూ వెనక్కూ ఊగి, చెవులు రిక్కించి, కిర్రుమన్న చోటల్లా ఎర్ర స్టిక్కరు అంటిస్తాడు. బాగున్న కుర్చీకి పచ్చ స్టిక్కరు వేయాలని రూలుంది. కానీ ఇవాళ బాగున్న కుర్చీ రేపు బాగుంటుందని నమ్మకమేమిటని, దానికి ఏమీ అంటించకుండానే పంపించేస్తాడు. ఉద్యోగంలో చేరిన రోజున చేతికిచ్చిన పచ్చ స్టిక్కర్ల చుట్ట ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా అతని కారు గ్లవ్ బాక్సులో పడి ఉంది. ఎర్రవి మాత్రం నెలకో చుట్ట చాలదు.

ఫ్యాక్టరీ అలవాటు ఫ్యాక్టరీలో ఆగదు. బీరువా తలుపు, కిటికీ రెక్క, కారే కుళాయి, వంటింట్లో ఒరిగిన అలమారా, అన్నిటికీ ఎర్ర చుక్కలే. ఇల్లు చూస్తే తట్టు పోసినట్టు ఉండేది. ఇక కారు సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆరేళ్ళ కిందట కొన్న ఆ సెడాన్ మరీ పెద్దదీ కాదు, మరీ చిన్నదీ కాదు. దానిమీద ఫిర్యాదులూ అంతే. డ్రైవరు పక్క అద్దం పైకి లేచి, ఆలోచించుకుని, రెండంగుళాలు కిందికి దిగుతుంది. వాన లేనప్పుడు వైపరు కీచుమంటుంది. గడియారం ఏడు నిమిషాలు ముందుంటుంది. సీటు బెల్టు పెట్టుకున్నా పెట్టుకోలేదని దీపం వెలుగుతుంది. వీటిలో ఏ ఒక్కటీ బండిని ఆపేది కాదు, ఏ ఒక్కటీ మనిషిని ప్రశాంతంగా ఉండనిచ్చేదీ కాదు. ఇలాంటివి మొత్తం పద్నాలుగు. పదమూడింటికి నంబరు వేసిన ఎర్ర స్టిక్కరు ఉంది.

మిగిలినది ఒకటో నంబరు. అదొక శబ్దం. మూడేళ్ళ కిందట మొదలైంది. గతుకుల రోడ్డు మీద వెనక ఎక్కడో టకటకమని. ఎక్కడో తెలియదు కాబట్టి స్టిక్కరు ఎక్కడ అంటించాలో తెలియదు. అందుకని ఒకటో నంబరు స్టిక్కరు, ఎండ పడకుండా దించుకునే పలక అంచుకు వేలాడుతూ, మూడేళ్ళుగా తన చోటు కోసం ఎదురుచూస్తోంది.

అతని భార్య నర్సు. డ్యూటీ దిగాక ఆసుపత్రి ముందు కారెక్కి, "ఇవాళ మా వార్డులో ఏమైందంటే..." అని మొదలుపెట్టేది. అతను వెంటనే వేలెత్తి, "ష్! వస్తోంది, విను," అనేవాడు. ఆవిడ వినేది. ఇంటికి చేరేవాళ్ళు. మర్నాడు, "ఇవాళ మా వార్డులో..." "ష్!" మూడేళ్ళు ఇదే వరస. మూడేళ్ళంటే తక్కువా?

నిన్న సాయంత్రం ఆవిడే ఫోన్ చేసింది.

"రేపు పదకొండింటికి రండి. కూర్చుని మాట్లాడుకుందాం. మనసొప్పితే మీతో వస్తాను. లేదంటే పన్నెండింటి బస్సెక్కి వెళ్ళి, నాకొచ్చిన కొత్త ఊరి ఆసుపత్రిలో చేరిపోతాను. చేరడానికి రేపే ఆఖరి రోజు."

"తప్పకుండా వస్తా. పదకొండంటే పదకొండే."

"ఇంకోమాట. కారు గురించి మీ నోటి వెంట ఒక్క ముక్క రాకూడదు. వచ్చిందో, నేను మెట్లు కూడా దిగను."

బుద్ధున్నవాడైతే బస్సెక్కి వెళ్ళేవాడు. ఎర్రచుక్క వేరేగా ఆలోచించాడు. కారులో శబ్దమే లేకపోతే దాని గురించి మాట్లాడే అవసరమే రాదు కదా! అందుకే ముందు గ్యారేజీ.

పొద్దున్నుంచీ ఆకాశం మొహం వేలాడేసుకుని ఉంది. గ్యారేజీ ముందు బురద. మేస్త్రీ అప్పుడే షట్టరు ఎత్తుతున్నాడు. అరవైకి దగ్గరపడ్డ మనిషి, ఎప్పుడూ ఎవరికో ఏదో జరిగినట్టు దిగులుగా చూస్తాడు. ఆయనకో పట్టుదల ఉంది. శబ్దాన్ని తన చెవులతో వింటే తప్ప ఒక్క బోల్టు కూడా విప్పడు. ఈ కారును ఎర్రచుక్క ఇప్పటికి తొమ్మిదిసార్లు తెచ్చాడు, తొమ్మిదిసార్లూ ఆయన ముందు సీట్లో కూర్చుని ఊరంతా తిరిగాడు. ఒక్కసారీ టక్కుమనలేదు. ఆయన దిగి ఇంటికి వెళ్ళిన మర్నాడు మళ్ళీ మొదలయ్యేది.

"దారంతా కొట్టుకుంటూనే వచ్చింది మేస్త్రీ, ఇప్పుడే!" అన్నాడు ఎర్రచుక్క.

"నన్ను చూస్తే దానికి సిగ్గు సార్. కిందటిసారే అనుకున్నాం కదా, ముందు కూర్చుంటే లాభం లేదు. డిక్కీలో పడుకుంటా. మీరు మార్కెట్ వెనక గతుకుల రోడ్డు మీద ఒక చుట్టు తిప్పండి."

డిక్కీ తెరవడం పదకొండో నంబరు. డ్రైవరు సీటు పక్కన ఉన్న మీట పదిసార్లు లాగితే ఒకసారి తెరుచుకుంటుంది. ఆ రోజు ఏడోసారికే తెరుచుకుంది. ఎర్రచుక్క శుభసూచకం అనుకున్నాడు. మేస్త్రీ చేతిలో టార్చి పట్టుకుని, మోకాళ్ళు ముడుచుకుని, ఒక నిట్టూర్పు విడిచి లోపల ఒదిగాడు. మూత పడింది.

వెనక సీటు మధ్యలో చెయ్యి ఆన్చుకునే దిమ్మ ఉంటుంది. దాన్ని కిందికి దించితే డిక్కీలోకి పుస్తకమంత కంత. గాలికీ మాటకీ కొదవలేదు.

"బానే ఉందా మేస్త్రీ?"

"ప్రశాంతంగా ఉంది సార్. పగటిపూట నడుం వాల్చి ముప్పై ఏళ్ళయింది. కింద ఏదో గట్టిగా తగులుతోంది గానీ, జాకీ అయ్యుంటుంది. పోనివ్వండి."

మార్కెట్ వెనక రోడ్డు మీద గతుకు లేని చోటు లేదు. ఒక చుట్టు తిరిగాడు, రెండు చుట్లు తిరిగాడు. మూడేళ్ళుగా ప్రాణం తోడేస్తున్న శబ్దం చచ్చినట్టు నోరు మూసుకుంది. తొమ్మిదీ నలభై. ఎర్రచుక్క కారు ఆపి, మేస్త్రీని దింపేద్దామని మీట లాగాడు. మీట ఊడి చేతిలోకి వచ్చింది. దాని వెనక తీగ ముక్క బల్లి తోకలా వేలాడింది.

దిగి, మూతకున్న తాళంలో తాళంచెవి పెట్టి తిప్పాడు. తిరగలేదు. అది పన్నెండో నంబరు. ఎటు తిప్పినా, ఎంత బతిమాలినా కదల్లేదు. అప్పుడు గుర్తొచ్చింది అతనికి. ఇన్నేళ్ళూ ఈ డిక్కీని తాళంచెవితో తెరిచింది తను కాదు. సామాన్ల సంచులు దించేది ఆవిడే. ఏదో కిటుకు ఉంది. ఆవిడ మోకాలు ఎక్కడో ఆనించేది, చెయ్యి ఎటో తిప్పేది, టప్పున తెరుచుకునేది. ఎక్కడ, ఎటు అన్నది అతను ఒక్కనాడూ చూసిన పాపాన పోలేదు.

కంతలోంచి మాట వినిపించింది. "ఏమైంది సార్?"

"తెరుచుకోవట్లేదు మేస్త్రీ."

కంతలో టార్చి వెలిగి, ఆరింది. "గ్యారేజీకి తీసుకెళితే మూత కోసి తియ్యొచ్చు. రెండు గంటలు పడుతుంది."

మూత కొయ్యడం అనగానే ఎర్రచుక్క కళ్ళ ముందు పదిహేనో నంబరు కదలాడింది. పైగా రెండు గంటలు! "మా ఆవిడకి తెలుసు ఎలా తియ్యాలో. ఎలాగూ అక్కడికే వెళ్ళాలి. ముప్పావుగంట ఓర్చుకోగలరా?"

"పదండి సార్. బయటికొచ్చి మాత్రం నేను ఉద్ధరించేదేముంది? దారిలో ఆ శబ్దమైనా వినపడుతుందేమో."

పద్ధతిగానే సాగిపోయేది, పెద్ద కూడలిలో ఎర్ర దీపం పడకపోతే. ఆగిన కారులో మేస్త్రీకి దాహం వేసింది. సీటు మీద నీళ్ళ సీసా ఉందని చెప్పాడు ఎర్రచుక్క. కంతలోంచి గ్రీజు పూసుకున్న చెయ్యి ఒకటి బయటికొచ్చి, సీటు మీద అటూ ఇటూ తడుముకుంటూ సీసా కోసం వెతికింది. సరిగ్గా అప్పుడే ట్రాఫిక్ ఇన్‌స్పెక్టరు వెనక అద్దంలోంచి లోపలికి చూశాడు. మనిషి లేడు, చెయ్యి ఉంది. ఆయన విజిల్ నోట్లోనే ఉండిపోయింది.

కారు పక్కకు తీయించారు.

"డిక్కీలో ఏముంది?"

ఎర్రచుక్క పుట్టి బుద్ధెరిగి తనిఖీలో అబద్ధం చెప్పలేదు. "మెకానిక్ సార్."

"మెకానిక్కా?"

"శబ్దం వినడానికి లోపల పడుకున్నాడు. ఇప్పుడు తెరుచుకోవట్లేదు."

ఇన్‌స్పెక్టరు నడుం వంచి డిక్కీ మూతకు చెవి ఆనించాడు. "లోపల ఎవరయ్యా?"

"నమస్కారం సార్," అంది డిక్కీ. "ఈయన చెప్పింది నిజమే. నా ఇష్టంతోనే పడుకున్నా."

ఇన్‌స్పెక్టరు మొహం మారింది. కోపం వస్తుందనుకున్నాడు ఎర్రచుక్క. కానీ వచ్చింది కోపం కాదు, ఆశ. ఆయన కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. గొంతు తగ్గించాడు. "నాదీ ఇదే బండండీ. ఇదే రంగు. మూడో గేరులో ఒక వణుకు వస్తుంది. ఎవరికి చూపించినా రాలేదంటారు. నా భ్రమంటారు. ఇంట్లో కూడా అదే అంటున్నారు." ఆయన కళ్ళు చెమర్చినట్టే ఉన్నాయి. మళ్ళీ మూత మీదకు వంగాడు. "మేస్త్రీ గారూ, మూడో గేరులో వణుకు ఎందుకొస్తుందంటారు?"

"చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా?" అని అడిగింది డిక్కీ.

ఆ మాట విని పక్కన ఒకాయన ఆగాడు. అదే బండి నడుపుతున్న మరో ఓనరు. ఆయన వెనకే ఇంకొకరు. ఆ ఊళ్ళో అలాంటి బండ్లు అన్ని ఉన్నాయని ఎర్రచుక్కకు అప్పటిదాకా తెలియదు. అందరివీ బతుకు పాడుచేయనంత చిన్న బాధలే, అందువల్లే ఎవరూ పట్టించుకోని బాధలు. ఒకాయన కారు తలుపు సరిగ్గా వేసినా వేయలేదని మూడుసార్లు మొత్తుకుంటుందట. ఇంకొకామె కారులో ఎడమవైపు సీటు కింద తడి, ఎక్కడి నుంచి వస్తుందో తెలియదట. "పదిమందిలో చెప్పుకుంటే నవ్వుతారండీ," అంటూ ఒక్కొక్కరూ వంగి, ఆ మూసిన మూతకు చెవీ నోరూ ఆనించి, తమ గోడు వెళ్ళబోసుకున్నారు. మేస్త్రీ లోపలి నుంచి ఓపిగ్గా సమాధానాలు చెబుతున్నాడు. వరస తప్పకుండా ఇన్‌స్పెక్టరే చూసుకుంటున్నాడు.

"సార్, నేను పదకొండింటికి ఒక చోట ఉండాలి," అన్నాడు ఎర్రచుక్క.

"ఒక్క నిమిషం ఆగండి. ఇన్నాళ్ళకి దొరికాడు మనిషి. ఇంకా నలుగురున్నారు."

పదకొండూ పదికి ఫోన్ మోగింది.

"ఎక్కడున్నారు?" అంది భార్య.

"దారిలో. పోలీసులు ఆపారు."

"ఎందుకు?"

ఎందుకో చెప్పాలంటే ఆ ముక్క ఎత్తాలి. ఎర్రచుక్క నోరు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచాడు. "అది... చెప్పకూడదు."

"చెప్పకూడదా?"

"నువ్వే వద్దన్నావు."

అవతల ఫోన్ పెట్టేసిన చప్పుడు. అది కూడా మెల్లగానే.

బావగారింటికి చేరేసరికి పదకొండూ ఇరవై అయిదు. సన్నగా తుంపర. రెండో అంతస్తు, ఇరుకు మెట్లు. తలుపు తీసిన బావగారు మర్యాద తెలిసిన మనిషి. "రండి బావగారూ, రండి. కారెలా ఉంది?" అన్నాడు.

మూడేళ్ళుగా ఆ ప్రశ్న కోసం ఎదురుచూసిన మనిషి ఎర్రచుక్క. పద్నాలుగు నంబర్లూ ఒకేసారి గొంతుకు అడ్డం పడ్డాయి. మింగేసి, "ముసురు పట్టేలా ఉంది," అన్నాడు.

హాల్లో కిటికీ పక్కన ఆవిడ కూర్చుని ఉంది. చీర మీద స్వెట్టరు వేసుకుంది. పక్కన సర్దిన సంచి. అతన్ని చూసి గోడ గడియారం వైపు చూసింది. మూడు వారాల్లో చిక్కిపోయిందా, తనే ఇన్నాళ్ళూ సరిగ్గా చూడలేదా అన్నది అతనికి తేలలేదు. చెప్పాలనుకున్న మాటలన్నీ దారిలో కంఠతా పట్టుకొచ్చాడు. తప్పు నాదే, ఇకనుంచి వింటాను, ఇంటికి రా అని. కానీ కింద ఒక మనిషి డిక్కీలో ఉన్నాడు.

"ఒక్కసారి కిందికి రాగలవా?"

"ఎందుకు?"

"ఒకాయన ఉన్నాడు. పెద్దాయన. రెండు గంటలైంది. పడుకునే ఉన్నాడు, లేవలేకపోతున్నాడు."

ఆవిడ చటుక్కున లేచింది. నర్సు కదా. "స్పృహలో ఉన్నాడా?"

"ఆ, మాట్లాడుతున్నాడు. నడుం పట్టేసిందట. దాహం కూడా."

"అయ్యో రాత! ఆసుపత్రికి తీసుకెళ్ళకుండా ఇక్కడికి తీసుకొచ్చారేమిటండీ?"

"నీ వల్ల తప్ప కాదు. ఇంకెవ్వరూ తియ్యలేరు."

ఆ మాటకు అర్థం ఆవిడకు తట్టలేదు గానీ, అందులో ఉన్న దీనత్వం మాత్రం కొత్తగా తోచింది. పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళలో నీ వల్ల తప్ప కాదని అతను అనడం అదే మొదలు. ప్రథమ చికిత్స పెట్టె అందుకుని గబగబా మెట్లు దిగింది. వెనక బావగారు ఒక దుప్పటి, చెంబుతో నీళ్ళు పట్టుకుని పరుగెత్తాడు. కింది వాటాలోవాళ్ళు వీల్‌చైర్ ఒకటి బయటికి తోశారు. ఎదురింటి ఆయన అంబులెన్సుకు ఫోన్ చేశాడు. అందరూ తుంపరలో కారు చుట్టూ నిలబడి లోపలికి తొంగి చూశారు. సీట్లు ఖాళీ.

"ఏడీ మనిషి?" అంది ఆవిడ.

ఎర్రచుక్క మాట్లాడలేదు. మాట్లాడకూడదు. చూపుడు వేలితో కారు వెనకవైపు చూపించాడు.

"అమ్మా, నేనే," అంది డిక్కీ. "మేస్త్రీని. ఆయన్నేమీ అనకండి. దారిలో మీ గురించే దిగులుపడుతూ వచ్చారు."

ఆవిడ భర్త వంక చూసింది. డిక్కీ వంక చూసింది. ప్రథమ చికిత్స పెట్టె అన్న చేతికిచ్చి, తాళంచెవి కోసం చెయ్యి చాపింది. కుడి మోకాలు నంబరు ప్లేటుకు ఎడంగా ఆనించి, మూతను కొద్దిగా పైకి నెట్టి, తాళంచెవి వెనక్కి తిప్పి, ముందుకు తిప్పింది. టప్పున తెరుచుకుంది. మేస్త్రీ లేచి కూర్చున్నాడు. జనం చప్పట్లు కొట్టారు. దూరంగా అంబులెన్సు మోత వినిపించింది.

"శబ్దం రాలేదమ్మా," అన్నాడు మేస్త్రీ దిగులుగా, అది తన తప్పయినట్టు. "రెండు గంటలు చెవులు రిక్కించుకుని పడుకున్నా. నడుం కింద ఆ జాకీ ఒకటి గుచ్చుకోవడం తప్ప."

"అది జాకీ కాదు," అంది ఆవిడ.

అందరూ వింటుండగా ఆవిడ వంగి, డిక్కీలోని తివాచీ ఎత్తి, స్టెప్నీ చక్రం గుంటలో చెయ్యి పెట్టి ఒక చిన్న రేకు డబ్బా బయటికి తీసింది. కుట్టుపని సామాను పెట్టుకునే గుండ్రటి డబ్బా. దాని మూత మీద వెలిసిపోయిన ఎర్ర స్టిక్కరు. దాని మీద ఎర్రచుక్క చేతిరాతే: మూత వదులు. ఆవిడ డబ్బాను అతని చెవి దగ్గర పెట్టి ఊపింది.

టకటక. టకటక.

ఎర్రచుక్క వేలు తనంతట తనే లేచింది. గుర్తుపట్టకేం! మూడేళ్ళు అదే పనిగా విన్న శబ్దం.

"లోపల ఏడు గుండీలున్నాయి. అన్నీ మీ చొక్కాలవే," అంది ఆవిడ. గొంతులో కోపం లేదు. "అప్పటికి కారుకి మూడేళ్ళు, ఒక్క లోపం లేదు. ఇంట్లో అన్నిటికీ అంటించేశారు. ఇక నేనే మిగిలాను. అన్నం పలుకైందని, నడిస్తే చెప్పులు చప్పుడని, నవ్వితే గట్టిగా నవ్వుతానని. ఒకరోజు గుండీ వదులుగా కుట్టానని ఆసుపత్రి నుంచి ఇంటిదాకా చెప్పారు. మర్నాడు ఈ డబ్బా తెచ్చి ఇందులో పడేశాను. మీకు ఏదో ఒక తప్పు కావాలి కదా, నాది కాకుండా ఇంకోటి దొరికితే బాగుండునని."

"మరి గ్యారేజీకి తీసుకెళ్ళినప్పుడల్లా..."

"డిక్కీ ఖాళీ చేసి పంపేది ఎవరు? నేనే కదా. మర్నాడు మళ్ళీ పెట్టేదాన్ని. ఇవాళ మేస్త్రీ గారి బరువు కింద అణిగి కదల్లేదు, అంతే. మొదట్లో ఎంత హాయిగా ఉందో! మీరు నన్ను ఒక్క మాట అనలేదు. తర్వాత తర్వాత తెలిసింది, మంచి మాట కూడా అనడం లేదని. అసలు నేను పక్కన ఉన్నట్టే మర్చిపోయారు." ఆవిడ డబ్బా అతని చేతిలో పెట్టింది. "మూడు వారాల కిందట వెళ్ళేటప్పుడు దీన్ని తీసేద్దామనుకున్నా. ఎందుకో చేతులు రాలేదు. నేను లేకపోయినా మీతో ఏదో ఒకటి మాట్లాడాలి కదా అనిపించింది."

ఎవరూ నవ్వలేదు. బావగారు దుప్పటి మడతపెట్టుకున్నాడు. వచ్చిన అంబులెన్సును మేస్త్రీ చేతులు జోడించి తిప్పి పంపాడు.

"మరి వస్తావా?" అన్నాడు ఎర్రచుక్క.

"పదకొండూ పదిదాకా వద్దామనే కూర్చున్నా. సంచి కూడా సర్దుకున్నా. ఎటెళ్ళినా సంచి ఒకటే కదా. ఆ తర్వాత ఫోన్లో చెప్పకూడదన్నారు." ఆవిడ గడియారం చూసుకుంది. "బస్టాండు దాకా దింపుతారా? బస్సు దొరకదు లేకపోతే."

మేస్త్రీ వెనక సీట్లో కూర్చున్నాడు. ఆవిడ ముందు కూర్చుంది. కారు కదిలింది. గతుకులు వచ్చాయి, పోయాయి. ఏ చప్పుడూ లేదు. ఎర్రచుక్క వేలెత్తలేదు. చాలాసేపయ్యాక, "మీ వార్డులో ఏమైంది?" అని అడిగాడు.

ఆవిడ అతనికేసి తిరిగి చూసింది. "ఎప్పుడు?"

"ఎప్పుడైనా."

"ఏడో నంబరు మంచం మీద ఒక తాతగారు ఉండేవాడు. మంచం కిర్రుమంటే నిద్ర పట్టేది కాదు ఆయనకి. మా ఆయన ఇలాంటివి చిటికెలో పట్టేస్తారు, అడిగొస్తానని చెప్పాను. రోజూ అడిగేవాడు, మీ ఆయన ఏమన్నాడమ్మా అని."

"ఎడమ కాలి బోల్టు కింద గుడ్డపీలిక పెడితే చాలు," అన్నాడు అతను వెంటనే. "కిర్రు ఆగిపోతుంది."

"అవునా. అంతేనా?"

"అంతే. ఇప్పుడెలా ఉన్నాడు?"

"పోయాడు. రెండేళ్ళయింది."

బస్టాండు దాకా ఆవిడే మాట్లాడింది. అతను విన్నాడు. పావుగంటలో మూడేళ్ళు పట్టవు గానీ, పట్టినన్ని పట్టాయి. బస్సు అప్పటికే ఇంజను ఆన్ చేసి ఉంది. ఆవిడ సంచి తీసుకుంది. దిగబోతూ ఆగి, తలపైన పలక అంచుకు వేలాడుతున్న ఒకటో నంబరు స్టిక్కరును మెల్లగా ఊడదీసి, అతని చొక్కా జేబు మీద అంటించి, బొటనవేలితో నొక్కింది.

"మూడేళ్ళుగా చోటు వెతుకుతున్నారుగా."

"ఆదివారం రావచ్చా?" అన్నాడు ఎర్రచుక్క.

"రండి," అంది ఆవిడ. కాస్త ఆలోచించి, "బస్సులో రండి," అంది.

తిరుగు దారిలో మేస్త్రీ ముందు సీట్లోకి మారాడు. వాన కాస్త పెరిగింది. కారు నూనె పోసినట్టు జారిపోతోంది. "ఎంత నెమ్మదస్తురాలు సార్ ఈ బండి! మూడేళ్ళు అనవసరంగా అనుమానించాం," అన్నాడు మేస్త్రీ. ఆ నిశ్శబ్దం ఎర్రచుక్కకు ఊపిరాడనివ్వడం లేదు. పక్క సీటు ఖాళీగా ఉన్నట్టే ఉంది, మేస్త్రీ కూర్చున్నా సరే. మార్కెట్ దగ్గరికి వచ్చేసరికి ఇక ఉండబట్టలేక కారు పక్కకు ఆపాడు.

గ్లవ్ బాక్సు తెరిచి, పచ్చ స్టిక్కర్ల చుట్టను బయటికి తీసి, కవరు చింపాడు. ఇన్నేళ్ళకు జిగురు ఉందో ఎండిపోయిందో కూడా తెలియదు. ఒకటి ఊడదీశాడు. రేకు డబ్బా మీది పాత ఎర్ర స్టిక్కరు గోటితో గీకి తీసేసి, ఆ చోట పచ్చది అంటించాడు. వానలో దిగి, కారు వెనక్కి వెళ్ళి, కుడి మోకాలు నంబరు ప్లేటుకు ఎడంగా ఆనించి, మూతను పైకి నెట్టి, తాళంచెవి వెనక్కి తిప్పి ముందుకు తిప్పాడు. మొదటిసారికే తెరుచుకుంది. డబ్బాను స్టెప్నీ గుంటలో ఎక్కడిదక్కడ పెట్టి, తివాచీ సరిచేసి, వచ్చి కూర్చున్నాడు.

మొదటి గతుకు దగ్గరే వచ్చింది. టకటక.

మేస్త్రీ ఉలిక్కిపడి వేలెత్తాడు. ముందు సీట్లో కూర్చుని ఆ శబ్దం వినడం ఆయనకు అదే మొదటిసారి. "వచ్చింది సార్! స్పష్టంగా వినపడుతోంది. డబ్బా తీసెయ్యమంటారా?"

"వద్దు మేస్త్రీ," అన్నాడు ఎర్రచుక్క, జేబు మీది స్టిక్కరు తీయకుండానే. "బాగానే ఉంది."

డబ్బా మూత మాత్రం ఇంకా వదులుగానే ఉంది.